భయపెట్టే వార్త వచ్చినప్పుడు ఆధారాలు తూచడం ఎలా? మెట్టు మెట్టుగా

“పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ వేస్తున్నారు, క్యాన్సర్ వస్తుందా?” “మా బోరు నీళ్లలో యురేనియం ఉందట, తాగొచ్చా?” “అర్ధరాత్రి దాటాక బొల్లారం వైపు నుంచి ఘాటు వాసన వస్తోంది, పిల్లలకు ఏమైనా అవుతుందా?” హైదరాబాద్ పాఠకులు ఇలాంటి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఒక్కోదానికి విడిగా జవాబివ్వడం కంటే, జవాబు మీరే రాబట్టుకునే పద్ధతి చెప్పడం మేలనిపించింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది భయాలన్నిటినీ కొట్టిపారేసే పద్ధతి కాదు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు తమ నీళ్లలో కలుస్తున్నాయని పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ యాంటీబయాటిక్ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి నిజమైన ముప్పు వట్టి పుకార్ల గుంపులో కలిసిపోకూడదు. ఈ శ్రమంతా అందుకే.

1. ముందు అత్యవసరమో కాదో తేల్చుకోండి

కళ్లు మండుతున్నాయి, ఊపిరి ఆడటం లేదు, ఒకేసారి చాలామంది వాంతులు చేసుకుంటున్నారు అంటే ఆధారాల కోసం ఆగకండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైనప్పుడు జనం నిద్రలో ఉన్నారు, 12 మంది చనిపోయారు. అలాంటప్పుడు గాలి వీచే దిశకు అడ్డంగా దూరం జరగాలి, తడి గుడ్డతో ముక్కు మూసుకోవాలి, 112కి ఫోన్ చేయాలి. ఏ రసాయనమో తర్వాత తెలుసుకోవచ్చు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆలోచించుకోవడానికి కొన్ని గంటలో, రోజులో ఉన్న సందర్భాల గురించి.

2. వాదనను ఒక్క వాక్యంలో రాసుకోండి

“ఆ నీళ్లు విషం” అనే మాటను పరీక్షించలేం. కాగితం తీసుకుని నాలుగు ఖాళీలు పూరించండి:

- ఏ పదార్థం?
- ఏ దారిలో ఒంట్లోకి వెళ్తుంది? తాగడం, పీల్చడం, చర్మం.
- ఎంత మోతాదు, ఎన్నాళ్లు?
- ఏ జబ్బు వస్తుందంటున్నారు?

అప్పుడు అదే మాట ఇలా మారుతుంది: “మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములుంది, రోజూ తాగితే పిల్లల పళ్లకు గారలు పడతాయి.” దీన్ని పరీక్షించవచ్చు. నల్లగొండ బాధ తెలిసిన మనకు ఈ వాదన ఎంత నిజమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క ఖాళీ కూడా పూరించలేకపోతే ఆ మెసేజ్‌ను ముందుకు పంపకండి. మూడోది మాత్రమే ఖాళీగా ఉందంటే కంగారు పడొద్దు. చాలా వార్తల్లో మోతాదే ఉండదు, దాన్ని మీరే వెతకాలి.

3. మొదట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పట్టుకోండి

ఫోటో పాతదేమో వెతికి చూడండి. “శాస్త్రవేత్తలు తేల్చారు” అని ఉంటే ఆ సంస్థ పేరు, పత్రిక పేరు, సంవత్సరం కావాలి. ఈ మూడూ లేకపోతే అక్కడితో ఆపేయండి.

అధ్యయనం దొరికితే ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. మనిషి వారానికి క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్, అంటే 5 గ్రాములు మింగుతున్నాడని 2019లో ఒక అంచనా వచ్చింది. తర్వాత వేరే పరిశోధకులు లెక్క కడితే మైక్రోగ్రాముల్లో తేలింది. మొదటి అంకె ఇప్పటికీ తిరుగుతోంది, రెండోది ఎవరికీ తెలియదు. దీని అర్థం ప్లాస్టిక్ రేణువులు మంచివని కాదు. వాటి గురించి మాట్లాడేటప్పుడు ఆ అంకె వాడొద్దు, అంతే.

సంఘటన జరిగిన మొదటి వారంలో వచ్చే కారణాన్ని పెన్సిల్‌తో రాసుకోండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛపోయి ఆస్పత్రి పాలయ్యారు. శానిటేషన్ కోసం చల్లిన బ్లీచింగ్ అన్నారు, ఆ తర్వాత రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, చివరికి నిపుణుల వేళ్లు పురుగుమందుల వైపు తిరిగాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఆ పరీక్షల్లో పాల్గొంది. జవాబు మారింది కాబట్టి వాళ్లు అబద్ధం చెప్పారనుకోవడం తప్పు. నమూనాలు పెరిగేకొద్దీ జవాబు మారడం సహజం.

4. “క్యాన్సర్ జాబితాలో ఉంది” అంటే ఏమిటో చదవండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పదార్థాలను గ్రూపులుగా విడదీస్తుంది. గ్రూప్ 1 అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని గట్టి ఆధారం ఉన్నవి. 2ఏ అంటే బహుశా కలిగిస్తుంది. 2బీ అంటే కలిగించవచ్చునేమో, ఆధారం పరిమితం. ఈ గ్రూపులు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి. ముప్పు ఎంత పెద్దదో చెప్పవు.

అందుకే సిగరెట్, ఎండ, బయటి గాలి కాలుష్యం, సాసేజ్‌ల వంటి ప్రాసెస్ చేసిన మాంసం అన్నీ గ్రూప్ 1లోనే ఉన్నాయి. వాటి హాని ఒకటే అని ఎవరూ అనరు. సెల్ టవర్లు, ఫోన్ల నుంచి వచ్చే రేడియో తరంగాలను 2011లో 2బీలో చేర్చారు. కలబంద ఆకు మొత్తంతో తీసిన సారం కూడా అదే గ్రూపులో ఉంది.

గ్రూపు చూశాక మోతాదు చెప్పే సంస్థ ఏమందో వెతకండి. 2023 జులైలో కృత్రిమ తీపి పదార్థం ఆస్పర్టేమ్‌ను 2బీలో చేర్చినప్పుడు గోల గోల అయింది. అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో కమిటీ రోజువారీ పరిమితిని కిలో బరువుకు 40 మిల్లీగ్రాములుగానే ఉంచింది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాల డైట్ కూల్‌డ్రింక్ తాగాలి. మొదటి వార్త అందరికీ చేరింది, రెండోది చేరలేదు.

5. అంకె పక్కన ఉన్న యూనిట్ చూడండి

మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు. ఈ ఒక్క తేడా చూడక వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని గొడవలవుతాయో చెప్పలేను. యురేనియంకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. మీ రిపోర్టులో “0.012 మిల్లీగ్రాములు” అని ఉంటే అది 12 మైక్రోగ్రాములు, పరిమితికి లోపలే.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో:

- ఫ్లోరైడ్: 1.0. వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు
- నైట్రేట్: 45
- ఆర్సెనిక్: 0.01
- టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం): 500. వేరే వసతి లేకపోతే 2,000 వరకు

నైట్రేట్ దగ్గర జాగ్రత్త. కొన్ని ల్యాబులు దాన్ని నైట్రోజన్ లెక్కలో ఇస్తాయి. అలా ఇచ్చిన 10, దాదాపు 45 నైట్రేట్‌తో సమానం. “10 అంటే తక్కువే కదా” అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

రిపోర్టులో “బీడీఎల్” అని ఉంటే, ఆ ల్యాబ్ పరికరం పట్టుకోగలిగే స్థాయికంటే తక్కువ ఉందని అర్థం. ఆ స్థాయి ఎంతో అడగండి. ఆర్సెనిక్‌కు పరిమితి 0.01 అయితే, ల్యాబ్ 0.05 కంటే తక్కువను పట్టుకోలేకపోతే, ఆ బీడీఎల్‌తో మీకు ఒరిగేదేమీ లేదు.

గాలి విషయంలో ఇంకో తికమక. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములున్న గాలికి మన దేశ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 100 చూపిస్తుంది, అమెరికా లెక్క వాడే యాప్ 150 దాటి చూపిస్తుంది. గాలి ఒకటే. మీ ఫోన్‌లో ఉన్నది ఏ లెక్కో ముందు చూసుకోండి. పోల్చాలంటే మైక్రోగ్రాముల అంకెనే పోల్చండి: 24 గంటల సగటుకు మన ప్రమాణం 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మన ప్రమాణం లోపల ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తులు క్షేమమని నేను అనుకోను.

6. వాసన వస్తుంటే: “ఏక్యూఐ బాగానే ఉంది” అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు

సనత్‌నగర్, బొల్లారం, పాశమైలారం, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి చోట్ల గాలిని ఎప్పటికప్పుడు కొలిచే కేంద్రాలున్నాయి. మంచిదే. అయితే మన ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే: పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్ల (ద్రావకాల) ఆవిర్లు ఇందులో లేవు. కాబట్టి రాత్రి రెండింటికి ముక్కు పగిలే వాసన వస్తున్నా ఏక్యూఐ ఆకుపచ్చగా కనిపించవచ్చు.

వాసన ఎంత ఘాటుగా ఉందో దాన్నిబట్టి ప్రమాదాన్ని కొలవడం కూడా కుదరదు. కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అతి తక్కువ ఉన్నా ముక్కుకు తెలుస్తుంది, బాగా ఎక్కువైతే వాసన గ్రహించే శక్తినే చంపేస్తుంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ వల్ల పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు, ప్రాణం తీస్తుంది.

చేయాల్సింది ఒక డైరీ. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, గాలి ఎటు నుంచి వీస్తోంది, వాసన ఎలా ఉంది, ఎవరికి ఏ ఇబ్బంది. ఐదారు ఇళ్లవాళ్లు ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి. గ్రూపులో “నాకు తలనొప్పి” అని ఒకరు పెట్టగానే మిగతావాళ్లకీ తల బరువెక్కుతుంది, అది మనిషి స్వభావం. విడివిడిగా రాసిన డైరీల్లో అవే రాత్రులు, అదే గాలి దిశ కనిపిస్తే అది బలమైన ఆధారం.

7. కళ్లముందు చేసి చూపించే డెమోలను పరీక్షించండి

అపార్ట్‌మెంట్ లాబీలో ఫిల్టర్ అమ్మే అబ్బాయి టేబుల్ వేస్తాడు. ఒక గ్లాసులో మీ నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో తన ఫిల్టర్ నీళ్లు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలో ముంచి కరెంటు ఇస్తాడు. చూస్తుండగానే మీ గ్లాసు ఎర్రమట్టి రంగులోకి తిరిగి, పైన మురికి నురగ తేలుతుంది. రెండో గ్లాసు తేటగా ఉంటుంది. “మీ పిల్లలు తాగుతున్నది ఇదే మేడమ్.”

ఆ ఎరుపు మీ నీళ్లలోది కాదు, ఆ కడ్డీలది. నీళ్లలో కరిగిన లవణాలు కరెంటును పారనిస్తాయి, దాంతో ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, రంగూ రాదు. తేల్చుకోవడం సులువు: వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ఫిల్టర్ గ్లాసులో వేసి, మళ్లీ కరెంటు ఇవ్వమనండి. అదీ ఎర్రబడుతుంది. ఆ పరికరాన్ని మీరు ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి, కరెంటుతో పని.

టీడీఎస్ మీటర్ సంగతీ చెప్పుకోవాలి. అది కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. బ్యాక్టీరియాను, ఆర్సెనిక్‌ను, పురుగుమందును చూపలేదు. 90 చూపించినా నీళ్లు చెడ్డవై ఉండొచ్చు, 450 చూపించినా నిక్షేపంగా తాగొచ్చు.

8. అది ఎలాంటి అధ్యయనమో చూడండి

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎవరి మీద చేశారు అన్నది మొదటి ప్రశ్న. గాజు పాత్రలో కణాల మీదనా, ఎలుకల మీదనా, మనుషుల మీదనా? మొదటి రెండూ ఇంకా పరిశోధించాలని చెప్పే సూచనలు మాత్రమే. మనుషుల మీదైతే ఎంతమంది, ఎన్నేళ్లు? పోల్చడానికి ఆ పదార్థం సోకని గుంపు ఉందా? పొగతాగడం, వయసు, ఇంట్లో కట్టెల పొయ్యి వంటివి లెక్కలోంచి తీశారా? మోతాదు పెరిగేకొద్దీ జబ్బు పెరిగిందా? వేరే దేశంలో వేరేవాళ్లు చేస్తే అదే వచ్చిందా?

డబ్బెవరిచ్చారో కూడా చూడండి, అయితే రెండు వైపులా చూడండి. ఫ్యాక్టరీ ఇచ్చిన డబ్బుతో వచ్చిన “ప్రమాదం లేదు” ఎంత అనుమానాస్పదమో, ప్యూరిఫయర్ కంపెనీ డబ్బుతో వచ్చిన “ప్రమాదం ఉంది” కూడా అంతే.

ఇక శాతాలు. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. వందలో 18 మందికి వస్తుందని దాని అర్థం కాదు. లెక్క కోసం వెయ్యి మందిలో 10 మందికి ఎలాగూ వచ్చే జబ్బనుకుందాం. 18 శాతం పెరిగితే దాదాపు 12 మందికి వస్తుంది. శాతం కనిపించిన ప్రతిసారీ “అంతకుముందు ఎంత?” అని అడగండి.

9. “మా వీధిలో నలుగురికి క్యాన్సర్” అన్నప్పుడు

చాలా సున్నితమైన విషయం. ఎదురుగా ఉన్నది జబ్బుపడిన కుటుంబం, వాళ్లతో లెక్కలు మాట్లాడకండి. లెక్క మీరు విడిగా వేసుకోండి.

మన దేశంలో జీవితకాలంలో దాదాపు తొమ్మిది మందిలో ఒకరికి ఏదో ఒక క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే క్యాన్సర్ రిజిస్ట్రీల అంచనా. 900 మంది ఉండే కాలనీలో కాలక్రమంలో వంద కుటుంబాల దాకా ఈ బాధ చూస్తాయి. అవి అన్ని వీధుల్లో సమానంగా పంచినట్టు రావు, ఒకచోట గుమిగూడతాయి. ముందే బాణం వేసి, అది తగిలిన చోట చుట్టూ గీత గీసి గురి కుదిరిందనడం లాంటిది ఈ పొరపాటు.

మరి నిజంగా అనుమానించాల్సింది ఎప్పుడు?

- నలుగురిదీ ఒకే రకం క్యాన్సర్, అందులోనూ అరుదైనది అయినప్పుడు
- ఆ వయసులో మామూలుగా రాని జబ్బు వచ్చినప్పుడు
- అందరూ పదేళ్లకు పైగా అక్కడే ఉన్నప్పుడు. గడ్డల రూపంలో వచ్చే చాలా క్యాన్సర్లు బయటపడటానికి ఏళ్లు పడుతుంది, నిరుడు వేసిన టవర్‌ను తప్పుపట్టలేం
- అందరినీ కలిపే ఒక దారి ఉన్నప్పుడు: ఒకే బోరు, ఒకే పని

ఇందులో రెండు మూడు కలిస్తే వివరాలు రాసి జిల్లా వైద్యాధికారికి ఇవ్వండి.

10. సొంతంగా పరీక్ష చేయిస్తుంటే

రిపోర్టు నిలబడాలంటే నమూనా సరిగా తీయాలి. రసాయన పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన క్యాన్ తీసుకోండి. బోరు మోటారు పది నిమిషాలు నడిపాక, అదే నీళ్లతో క్యాన్ తొలిచి నింపండి. సంపులో ట్యాంకర్ నీళ్లూ కలుస్తుంటే బోరు దగ్గర ఒకటి, వంటింటి నల్లా దగ్గర ఒకటి తీయాలి. బ్యాక్టీరియా పరీక్షకు స్టెరైల్ బాటిల్ వేరే ఇస్తారు. దాన్ని తొలవకూడదు, మూత లోపల వేలు పెట్టకూడదు, ఐస్‌లో పెట్టి అదే రోజు అప్పగించాలి.

ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్. ల్యాబ్‌కు దాని గుర్తింపు ఉందా అన్నదొక్కటే చాలదు. మీరు అడిగే పరీక్షకు ఆ గుర్తింపు వర్తిస్తుందా అని అడగండి. 2015లో మ్యాగీ నూడుల్స్‌లో సీసం 17.2 పీపీఎం (పది లక్షల్లో 17.2 వంతులు) ఉందని ఒక ల్యాబ్ చెప్పింది, పరిమితి 2.5. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ పరీక్షలు గుర్తింపు ఉన్న ల్యాబుల్లో జరగలేదని నిషేధాన్ని పక్కనపెట్టి, మూడు ల్యాబుల్లో మళ్లీ చేయించమంది. వాటిలో ఒకటి మన హైదరాబాద్‌లోదే. మూడింటిలోనూ సీసం పరిమితి లోపలే వచ్చింది.

ఫ్లోరైడో, నైట్రేటో ఎక్కువ వస్తే చాలామంది నీళ్లు కాచడం మొదలుపెడతారు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఇవి మాత్రం పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. తాగడానికి, వంటకు ఆర్వో వాడండి లేదా జలమండలి నీళ్లు పట్టుకోండి. స్నానానికి ఆ బోరు నీళ్లే వాడొచ్చు.

11. నిర్ణయం: ఆధారం ఎంత, జాగ్రత్త ఖర్చెంత

ఆధారం పూర్తిగా దొరికేదాకా ఆగాలని లేదు. జాగ్రత్త చవకైతే, హాని పెద్దదైతే సగం ఆధారం చాలు. మామిడిపండు మీద తెల్లటి పొడి కనిపిస్తే కార్బైడేమోనని బాగా కడగడానికి పైసా ఖర్చు లేదు. మామిళ్లను కార్బైడ్‌తో మగ్గించడం నిషిద్ధం, పరిమితిలో ఎథిలీన్ వాయువు వాడటానికి అనుమతి ఉంది. ఆ పండ్లనూ “కెమికల్” అని పారేయక్కర్లేదు.

టవర్ విషయానికి ఇదే వర్తింపజేద్దాం. టవర్ తరంగాల పరిమితిని మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతవుతుంది. చెవికి ఆనించిన ఫోన్ నుంచి తలకు తగిలేది టవర్ నుంచి తగిలేదాని కంటే సాధారణంగా ఎక్కువ. తమకు తరంగాలు పడవని చెప్పేవాళ్లకు తెలియకుండా ఆన్, ఆఫ్ చేసి చూసిన ప్రయోగాల్లో ఎప్పుడు ఆన్‌లో ఉందో వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. వాళ్ల తలనొప్పి నిజమే, కారణం వేరే ఉందన్నమాట. అనుమానం తీరకపోతే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఆ టవర్ వివరాలు చూడొచ్చు, రుసుము కట్టి కొలిపించుకోవచ్చు. ఈలోగా తలుపులేసిన గదిలో రాత్రంతా వెలిగే దోమల కాయిల్‌ను ఆర్పండి. ఒక్క కాయిల్ 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని ధూళిని వదులుతుందని 2003లో కొలిచారు.

12. అధికారులకు రాసేటప్పుడు

ఆధారం నిలబడితే ఇంట్లో జాగ్రత్తతో ఆగొద్దు. ఫిర్యాదులో “విషవాయువులు” వంటి మాటలు తీసేయండి. డైరీ, రిపోర్టు నకలు, ప్రమాణం అంకె, మీ అంకె పక్కపక్కన పెట్టండి. నీళ్లలో మురుగు కలుస్తుంటే జలమండలి నంబరు 155313. ఫ్యాక్టరీ వాసనకు, వ్యర్థాలకు సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టి ఈ మూడూ అడగండి:

- ఆ ఫ్యాక్టరీకి మండలి ఇచ్చిన అనుమతి పత్రం, అందులోని షరతులు
- గత ఏడాది చేసిన తనిఖీల నివేదికలు, నమూనాల ఫలితాలు
- మీ ఫిర్యాదుపై తీసుకున్న చర్య, తేదీతో సహా

30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే కార్యాలయంలో మొదటి అప్పీలు వేయండి. అనుమతి పత్రం చేతికి వచ్చాక అందులో ఏ రసాయనాలకు పరిమితి పెట్టారో గుర్తుపెట్టుకుని, వాటినే కొలవమని తర్వాతి ఉత్తరంలో పేరుపేరునా అడగండి.